ఇంజన్ ఆగిన విమానం ముందున్న పొలంలోనే ఎందుకు దిగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

టేకాఫ్ అవుతున్న ఒక చిన్న శిక్షణ విమానం ఇంజన్ ఆగిపోయి, రన్‌వే అవతలి పొలంలో పడిన వార్త మీ పత్రికలో చదివాను. లోపలున్న ఇద్దరూ దెబ్బలతో బయటపడ్డారని తెలిసి మనసు కుదుటపడింది. కానీ వార్త రాసిన తీరు నన్ను చాలా బాధపెట్టింది. పైలట్ కంగారుపడి విమానాన్ని పొలంలో పడేశాడన్న అర్థం వచ్చేలా ఉంది. వెనక్కి తిప్పి రన్‌వే మీదే దించే అవకాశాన్ని వాడుకోలేదని, పేరు చెప్పని ఎవరో అన్న మాటను కూడా అచ్చువేశారు. మర్నాడు పొద్దున రేణిగుంట స్టేషన్ ముందు టీ అంగట్లోనూ అదే చర్చ. "అంత పెద్ద రన్‌వే వెనకాలే పెట్టుకోని పొలంలో దించేదేంది అన్నా, తిప్పుకోని వచ్చేయొచ్చు గదా" అని రైల్వేలో రిటైరైన మిత్రుడొకరు నన్నడిగాడు. అక్కడున్నవాళ్ళంతా అదే నిజమన్నట్టు తలలూపారు.

వార్తలో ఉన్న వివరాలు సరైనవే అయితే, వెనక్కి తిప్పకపోవడమే ఆ పైలట్ చేసిన మంచి పని. ఇద్దరూ ఈరోజు ప్రాణాలతో ఉన్నారంటే అందుకే. ఈ సంగతి మన జిల్లాలో పదిమందికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి పూర్తిగా వేయండి.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేరి జూనియర్ వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సొంతూరు చంద్రగిరి పక్కన పల్లె. ఉద్యోగంలో ఎక్కువ కాలం దుండిగల్ అకాడమీలోనూ, తాంబరంలో పైలట్లకు పాఠం చెప్పే బోధకులను తయారుచేసే స్కూల్లోనూ గడిచింది. నేను పనిచేసినవి హెచ్‌పీటీ-32 దీపక్ అనే చిన్న విమానాల మీద. ఒకే ఇంజన్, 260 గుర్రాల శక్తి, పక్కపక్కనే బోధకుడు, శిష్యుడు. నేను పైలట్‌ని కాదు. కానీ ఇంజన్ బాగుందని ఫారం 700 అనే రికార్డులో మా ఫిట్టర్లు సంతకం పెడితేనే ఆ విమానం కదిలేది. ఆ సంతకం కింద ఇరవై ఏళ్ళ కుర్రవాడు తన సంతకం పెట్టి ఎక్కేవాడు. అది ఎగిరిపోతుంటే మేము చేతిలో పని ఆపి, శబ్దం వింటూ నిలబడేవాళ్ళం. శబ్దంలో చిన్న తేడా వచ్చినా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఫ్లైట్ లైన్ మీద నిలబడినవాళ్ళకే తెలుసు.

దీపక్ విమానాలకు ఇంజన్ గాలిలో ఆగిపోయే జబ్బు ఉండేది. వాటి సర్వీసు మొత్తంలో 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు చనిపోయారు. అందులో సీటుతో సహా బయటికి ఎగిరిపోయే ఏర్పాటు లేదు. ఇంజన్ ఆగితే దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాల్సిందే. 2009 జూలై 31న మెదక్ జిల్లా అన్నారం దగ్గర ఇద్దరు బోధకులు అలాగే పోయారు. ఆ తర్వాత మొత్తం దీపక్‌లను నేలకే పరిమితం చేశారు. 2013లో వాటి స్థానంలో స్విట్జర్లాండ్ పిలాటస్ విమానాలు వచ్చాయి. అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను. అన్నారం వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. పైలట్ తప్పా కాదా అని ఎవరైనా తేలిగ్గా తీర్పు చెబితే ఊరుకోలేని స్వభావం నాకు అక్కడి నుంచి వచ్చింది.

ఇప్పుడు మా మిత్రుడి ప్రశ్నకు వస్తాను. వెనక్కి ఎందుకు తిప్పకూడదు?

నేల విడిచి పైకి పోతున్న విమానం ముక్కు పైకెత్తి ఉంటుంది. ఆ వాలులో దాన్ని లాగుతున్నది ఇంజన్ ఒక్కటే. అది ఆగిన క్షణం నుంచి వేగం పడిపోతుంది. రెక్కల మీదుగా గాలి తగినంత వేగంగా పారితేనే రెక్క బరువు మోస్తుంది. వేగం ఒక హద్దు కన్నా తగ్గితే మోయడం మానేస్తుంది. దీన్నే స్టాల్ అంటారు. అందుకని అన్నిటికన్నా ముందు ముక్కు దించాలి. నేల అంత దగ్గరగా కనిపిస్తుంటే ముక్కును ఆ నేలవైపే దించాలంటే మనిషికి చేయి రాదు, చేతిలో ఉన్న కంట్రోల్ కర్రను వెనక్కే లాగాలనిపిస్తుంది. దీన్ని జయించడానికే బోధకులు ముందు చెప్పకుండా ఇంజన్ బలాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్‌ను వెనక్కి లాగేసి, శిష్యుడి చేత మళ్ళీ మళ్ళీ ఈ పని చేయిస్తారు. ముక్కు దించాక, తిరుమల నుంచి కిందికొచ్చే ఘాట్‌లో ఇంజన్ ఆపేసిన బండి జారినట్టు, విమానం ఉన్న ఎత్తును ఖర్చుపెట్టి వేగం నిలుపుకుంటుంది.

ఎంత దూరం జారుతుంది? మన దేశంలో శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172 లాంటి విమానం గంటకు 120, 125 కిలోమీటర్ల వేగంతో, సుమారు తొమ్మిది అడుగులు ముందుకు పోతే ఒక అడుగు దిగుతుంది. 400 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగిందనుకుందాం. గాలి లేని రోజైతే నేరుగా కిలోమీటరు పైచిలుకు పోగలదు. చేతిలో ఉన్న సమయం దాదాపు అర నిమిషం. అందులో మూడు, నాలుగు సెకన్లు 'ఇది నిజమేనా' అని నమ్మడానికే పోతాయి. ఎంత అనుభవం ఉన్నవాడికైనా అంతే.

ఇక మలుపు సంగతి. వెనక్కి తిరగడమంటే 180 డిగ్రీలు అని అందరూ అనుకుంటారు. గుండ్రంగా 180 డిగ్రీలు తిరిగితే విమానం రన్‌వేకు సమాంతరంగా, కొన్ని వందల మీటర్లు పక్కన ఉంటుంది. రన్‌వే మీదికి రావాలంటే ఇంకా తిరిగి, మళ్ళీ అటువైపు సరిచేసుకోవాలి. ఒక మలుపు కాస్తా రెండవుతుంది. త్వరగా తిరగాలంటే రెక్కను బాగా వాల్చాలి. 45 డిగ్రీలు వాలిస్తే, అంతకుముందు నిలబడిన వేగం ఇప్పుడు చాలదు, స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలైతే 41 శాతం. పైగా వాల్చిన రెక్కతో విమానం ఇంకా వేగంగా దిగుతుంది. ఉన్న 400 అడుగుల్లో మూడు వందలు ఆ మలుపుకే చెల్లిపోతాయి. కిందికి దిగుతున్నాననే భయంతో పైలట్ ముక్కు కొంచెం ఎత్తాడా, లోపలి రెక్క స్టాలై విమానం తిరగబడి ముక్కు మీద నేలను గుద్దుకుంటుంది. అలా పడినవాళ్ళు బతికేది చాలా అరుదు. విమానయానం మొదలైన నాటి నుంచి ఎందరో ఇలాగే పోయారు. పైలట్లు దీన్ని అసాధ్యపు మలుపు అని పిలుచుకుంటారు. చాలా ఎత్తుకు పోయాక, ముందే లెక్క వేసుకున్నవాళ్ళు తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. తక్కువ ఎత్తులో మాత్రం అటూ ఇటూ ముప్పై డిగ్రీలకు మించకుండా, ముందు కనిపించే వాటిలో మంచి చోటు చూసుకుని దిగాలనే ప్రపంచమంతా నేర్పిస్తారు.

గాలి లెక్క కూడా ఉంది. విమానం మామూలుగా ఎదురుగాలికి టేకాఫ్ అవుతుంది. వెనక్కి తిరిగితే అదే గాలి వెనక నుంచి తోస్తుంది. పది నాట్ల గాలి, అంటే గంటకు 18, 19 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. నేరుగా దిగితే చక్రాలు నేలను తాకేటప్పుడు నేల మీద వేగం 35 నాట్లు, తిరిగి వచ్చి దిగితే 55 నాట్లు. ఇరవై నాట్ల తేడానే కదా అనిపిస్తుంది. గుద్దుకునే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి దెబ్బ రెండున్నర రెట్లవుతుంది.

నేరుగా దిగినప్పుడు విమానం పాడవుతుంది. అది పాడైనా ఫర్వాలేదని పైలట్ నిశ్చయించుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తాకిన విమానం ఒకే తీరుగా మూడు మీటర్లలో ఆగినా, భుజాల మీదుగా బెల్టు బిగించుకున్న మనిషి తట్టుకోగలడు. చక్రాలు విరగనీ, రెక్కలు ఊడనీ, మనుషులు కూర్చున్న గది మాత్రం నిలవాలి. మన నేలల్లో ఎక్కడ దిగొచ్చో నేను చాలాసార్లు ఆలోచించాను. వేరుశెనగ చేను మంచిది, పైరు పొట్టిగా ఉంటుంది, నేల పొడిగా ఉంటుంది. నీళ్ళు పెట్టిన వరి మడిలో ముందు చక్రం కూరుకుని పల్టీ కొట్టొచ్చు, అయినా మెత్తన. చెరకు తోటైతే చెరకు తలలే నేల అనుకుని నెమ్మదిగా కూర్చోబెట్టాలి. మామిడి తోట తప్ప వేరే చోటు లేకపోతే ముక్కును రెండు చెట్ల మధ్యకు పోనివ్వాలి, రెక్కలు విరిగి దెబ్బను తీసుకుంటాయి. కర్రలు పాతి తీగలు కట్టిన టమోటా తోట మాత్రం వద్దు. అన్నిటికన్నా చెడ్డవి కరెంటు తీగలు. బోర్లకు లాగిన సన్నని తీగలు గాలిలో నుంచి కనిపించవు.

మన ప్రాంతం గురించి ఇంకొక్క మాట. రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి నూరు మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఎంత పల్చబడుతుందంటే, విమానానికి అది దాదాపు హార్స్‌లీ హిల్స్ ఎత్తులో ఉన్నట్టే. ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్క పట్టు తగ్గుతుంది, పైకి పోవడం నెమ్మదిస్తుంది. రన్‌వే చివరికొచ్చేసరికి ఉండాల్సిన ఎత్తు ఉండదు. అలాంటి వేళ ఇంజన్ ఆగితే వెనక్కి తిరగడం గురించి ఆలోచన కూడా రాకూడదు. దీనికి తేలికైన మందు ఒకటుంది. పెద్ద విమానాల కోసం వేసిన రన్‌వే రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, చిన్న విమానం నేల విడవడానికి అర కిలోమీటరు చాలు. మొదటి అంచు నుంచి బయల్దేరితే రెండు వందల అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగినా ముందు రన్‌వే ఇంకా మిగిలే ఉంటుంది. సమయం కలిసొస్తుందని మధ్యలో నుంచి బయల్దేరే అలవాటు కొందరికి ఉంది. శిక్షణలో ఉన్న పిల్లలు దయచేసి ఆ పని చేయొద్దు.

ఇంజన్ ఎందుకు ఆగుతుందని అడిగితే ఒక ఫిట్టర్‌గా చెబుతాను. చాలాసార్లు కారణం అరచేతిలో పట్టేంత చిన్నది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ పేరుకుని నీరవుతుంది. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. అందుకే పొద్దున మొదటిసారి ఎగరడానికి ముందు అడుగు నుంచి గాజు గొట్టంలోకి కొంచెం ఇంధనం తీసి వెలుగులో చూస్తాం. ఈ ఇంజన్లకు పోసే ఏవ్‌గ్యాస్ నీలంగా ఉంటుంది. అడుగున రంగులేని బొట్లు కనిపిస్తే నీళ్ళున్నట్టు. జెట్ విమానాల కిరసనాయిలు పొరపాటున కలిస్తే మాత్రం రంగు ఒక్కటే చూసి కచ్చితంగా చెప్పలేం, వాసన కూడా చూడాలి. కార్బురేటర్ ఉన్న ఇంజన్‌కు ఇంకో గండం ఉంది. తేమ ఎక్కువున్న రోజున, బయట పాతిక డిగ్రీల వేడి ఉన్నా, లోపల పెట్రోలు ఆవిరయ్యే చలికి మంచు కట్టి గొంతు మూసుకుపోతుంది. ఇక ప్లగ్గులకు నిప్పు అందించే మ్యాగ్నెటోలు. ప్రతి సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, వాటికి రెండు వేరు వేరు మ్యాగ్నెటోలు. ఒకటి చచ్చినా రెండోది లాక్కొస్తుంది. టేకాఫ్‌కు ముందు ఒక్కోదాన్ని ఆపి ఇంజన్ తిరిగే వేగం ఎంత పడిపోతుందో చూస్తారు, దాన్నే మ్యాగ్ డ్రాప్ అంటారు. హద్దు దాటితే ఎంత తొందరున్నా విమానం వెనక్కి రావాల్సిందే. ఆ రెండు నిమిషాల పరీక్షను విసుగ్గా చూసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ కోపం.

చిన్న కారణం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక సంగతి. 2015 మార్చి 5న అమెరికాలో శాంటా మోనికా విమానాశ్రయం నుంచి నటుడు హారిసన్ ఫోర్డ్ ఒక్కడే పాత శిక్షణ విమానం ఒకటి నడుపుతూ ఎగిరాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు రయన్ పీటీ-22. ఎగిరిన కాసేపటికే ఇంజన్ శక్తి పోయింది. రన్‌వేకు తిరిగి వస్తానని కంట్రోల్ టవర్‌కు చెప్పాడు. కానీ చేరలేనని తెలియగానే ఆ ఆలోచన వదిలేసి, కింద కనిపించిన గోల్ఫ్ మైదానంలో దించాడు. చెట్టు కొమ్మ తగిలి పడ్డాడు, గాయాలయ్యాయి, బతికాడు. దర్యాప్తులో తేలిందేమిటంటే, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే ఒక చిన్న జెట్ మరలు వదులై ఊడింది. పెట్రోలు ఎక్కువై ఇంజన్ ఊపిరాడక ఆగింది. రన్‌వే దాకా ఎలాగైనా ఈడ్చుకొస్తానని ఆయన పట్టుబట్టి ఉంటే, ఇళ్ళ మధ్య పడేవాడు. మైదానం అక్కడ ఉండబట్టి సరిపోయింది.

ఆ మైదానమే నా అసలు మాట. నేరుగా దిగమని పైలట్‌కు నేర్పిస్తాం. దిగడానికి నేరుగా నేల ఉండాలి కదా?

రేణిగుంట విమానాశ్రయం కట్టినప్పుడు చుట్టూ పొలాలు, కంప చెట్లు, చెరువులు. ఇప్పుడు ఊరు పెరిగింది. తప్పు పట్టడం లేదు, నేనూ అక్కడ ఇల్లు కట్టుకున్నవాణ్ణే. విమానాశ్రయం పేరు చెప్పి అమ్ముతున్న ప్లాట్ల బోర్డులు ఎటు చూసినా ఉన్నాయి. విమానాశ్రయం చుట్టూ కట్టే భవనాల ఎత్తుకు కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది, అనుమతి తీసుకోవాలి. ఆ నియమాలు ఎత్తు చూస్తాయి. హద్దుకు లోబడిన ఒంటి అంతస్తు ఇళ్ళు, రన్‌వే గీతను నేరుగా పొడిగిస్తే వచ్చే దారిలో బారులు తీరి నిండినా, కాగితం మీద అంతా సక్రమమే. పెద్ద విమానానికి అడ్డు లేదు. ఇంజన్ ఆగిన చిన్న విమానానికి మాత్రం దిగే చోటు పోయింది, ఆ ఇళ్ళలో నిద్రపోయేవాళ్ళకు రక్షణ పోయింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలింది వేరే రకం విమానం, అది వేరే రకం ప్రమాదం. దాన్నీ దీన్నీ కలపడం లేదు. కానీ రన్‌వే అవతల కొద్ది దూరంలో వైద్య విద్యార్థుల వసతి గృహం ఉండబట్టే, విమానంలోని 241 మందితో పాటు నేల మీద ఉన్న 19 మంది కూడా చనిపోయారు. మధ్యాహ్నం భోజనం చేస్తున్న పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. టీవీలో ఆ పళ్ళేలు చూసి నా భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కాబట్టి తిరుపతి నగరాభివృద్ధి సంస్థ అధికారులకు, కలెక్టరు గారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. రన్‌వే రెండు చివర్ల నుంచీ నేరుగా ఒకటి రెండు కిలోమీటర్ల మేర, ఇప్పటికే కట్టిన ఇళ్ళను ఎవరూ కదిలించక్కర్లేదు. కొత్తగా వచ్చే లేఅవుట్లలో ఎలాగూ ఖాళీ స్థలం, పార్కు, వెడల్పాటి రోడ్డు వదలాలి. వాటిని ఈ దారిలోనే వదిలించండి. ఆటస్థలం వస్తే ఇంకా మంచిది. వ్యవసాయ భూమిని వ్యవసాయ భూమిగానే ఉంచే రైతుకు ఏదైనా రాయితీ ఇవ్వండి, ఎందుకంటే ఆ రైతు తెలియకుండానే ఒక సేవ చేస్తున్నాడు. ఆ దారికి అడ్డంగా పోయే కరెంటు తీగలకు రంగు బంతులైనా కట్టండి, వీలైనచోట భూమిలో వేయండి. కుప్పం దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన కొన్నేళ్ళుగా నడుస్తోంది. అక్కడ ఇంకా చేతిలో పనే కాబట్టి, పటం గీసే రోజునే రన్‌వే అవతలి నేల గురించి కూడా గీత గీయాలి. పక్కన కడపను పైలట్ శిక్షణ పాఠశాలల కోసం విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఎంపిక చేసింది. శిక్షణ విమానాలు మన ఆకాశంలో పెరుగుతాయే గానీ తగ్గవు.

చెత్త సంగతి ఒక్క వాక్యంలో చెబుతాను. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల మాంసం వ్యర్థాలు, చెత్త పారేయడం నేరమని 1937 విమాన నియమాల్లోనే ఉంది, ఎందుకంటే గద్దలు, కాకులు చేరి ఇంజన్లకు తగులుతాయి. రోడ్డు పక్కన కోడి వ్యర్థాల సంచులు చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు పల్లెల్లో ఉన్నవాళ్ళకు. చిన్న విమానం పొలంలో పడితే మొదట చేరేది ఫైరింజన్ కాదు, పక్క చేలో కలుపు తీసేవాళ్ళు. వాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పలేదు. మన మనుషులకు సాయం చేసే గుణం ఎక్కువ, అది దేవుడిచ్చిన వరం. దాంతో పాటు నాలుగు విషయాలు తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి. రెక్కల్లో వంద నుంచి రెండు వందల లీటర్ల పెట్రోలు ఉంటుంది, అది కారుతూ ఉండొచ్చు. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు. ట్రాక్టర్, మోటర్ సైకిల్ దూరంగా ఆపాలి. ముందున్న ఫ్యాన్ లాంటి ప్రొపెల్లర్‌ను ముట్టుకోవద్దు, చేత్తో తిప్పొద్దు. మ్యాగ్నెటో బ్యాటరీ లేకుండానే సొంతంగా నిప్పు పుట్టిస్తుంది. తీగ తెగి ఉంటే తాళం ఆపి ఉన్నా ఇంజన్ ఒక్కసారి తిరిగి చేయి తెగిపోతుంది. కొన్ని కొత్త రకం విమానాల్లో విమానం మొత్తాన్ని మోసే పారాచూట్ ఉంటుంది, దాన్ని ఒక రాకెట్ బయటికి విసురుతుంది. ఎర్ర అక్షరాలతో హెచ్చరిక కనిపించిన చోటికి పోవద్దు. మంటలు లేకపోతే మనిషిని బయటికి ఈడ్వొద్దు. మెడ, వెన్నెముక దెబ్బతిని ఉండొచ్చు. తల కదలకుండా పట్టుకుని, మాట్లాడుతూ ఉండండి, 108కి, 101కి ఫోన్ చేయండి. మంటలొస్తే మాత్రం క్షణం ఆగకుండా బెల్టు కోసైనా లాగేయాలి.

ఇంకొకటి, విరిగిన ముక్కలను ఇంటికి తీసుకుపోవద్దు. ఇది చెబితే మా టీ అంగట్లో కొందరు నవ్వారు, కానీ నేను చాలా గట్టిగా చెబుతున్నాను. ఫోర్డ్ విమానంలో ఆ చిన్న జెట్ దొరకబట్టే కారణం తెలిసింది. పొలంలో పడిన ఒక మర, ఒక గొట్టం ముక్క, ట్యాంకులో మిగిలిన గ్లాసెడు పెట్రోలు, ఇవే రేపు ఇంకో పిల్లవాడిని కాపాడతాయి. ఫోటోలు తీయండి, దర్యాప్తుకు పనికొస్తాయి. గాయపడినవాళ్ళ ముఖాలు మాత్రం తీయొద్దు. వాళ్ళ అమ్మ వాట్సాప్‌లో చూసి తెలుసుకోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

చివరగా మీకు, మీ విలేకరులకు. విమాన ప్రమాదాలను దర్యాప్తు చేయడానికి మన దేశంలో 2012 నుంచి విడిగా ఒక బ్యూరో ఉంది. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ముప్పై రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైతే ఏడాదిలో తుది నివేదిక ఇవ్వాలి. ఆ దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ అలా జరగకుండా చూడటమే, ఎవరినీ శిక్షించడం దాని పని కాదు. నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి, మన పాఠకులకు అందవు. ప్రమాదం రోజున మొదటి పేజీలో నాలుగు కాలమ్‌లు ఇస్తారు, నివేదిక వచ్చిన రోజున లోపలి పేజీలో కూడా చోటుండదు. ఈ పద్ధతి మారాలి. ప్రమాదం రోజున పైలట్ తప్పు, మెకానిక్ నిర్లక్ష్యం అనే మాటలు రాయొద్దు. ఏ ఎత్తులో ఆగింది, ఎటు దిగింది, గాలి ఎటు ఉంది, ఎవరు ముందు చేరారు, ఇవి రాయండి. నివేదిక వచ్చాక దాన్ని తెలుగులో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. వార్తలో పేరు పడిన పైలట్‌కు, ఆ ఇంజన్ మీద సంతకం పెట్టిన ఫిట్టర్‌కు ఇళ్ళున్నాయి, ఊళ్ళున్నాయి. ఒక్క మాటతో వాళ్ళ పిల్లలు బడిలో తలెత్తుకోలేకపోతారు. సంతకం పెట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మా వీధిలో ఒక అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి పైలట్ శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. ఆ వార్త చదివి వాళ్ళ నాన్న వద్దనేశాడు. వాళ్ళింటికి పోయి ఇవన్నీ కూర్చుని చెప్పాను. ఇంజన్ ఆగడం అరుదు, ఆగినా బతికే దారి ఉంది, ఆ దారిని నేర్పడమే శిక్షణ అని చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచిస్తానన్నాడు. ఆ అమ్మాయి మాత్రం అసాధ్యపు మలుపు బొమ్మ గీయించుకుని దాచుకుంది.

మా ఇంట్లో పాత స్కూటర్ మ్యాగ్నెటో ఒకటి, స్పార్క్ ప్లగ్గులు, ఒక గాజు గొట్టం ఉన్నాయి. నిప్పు ఎలా పుడుతుందో, పెట్రోలు అడుగున నీళ్ళు ఎలా కనిపిస్తాయో చూపించగలను. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మండలాల్లో ఏ పంచాయతీ అయినా, ఏ ఉన్నత పాఠశాల అయినా పిలిస్తే నా ఖర్చుతోనే వచ్చి గంటసేపు చెబుతాను. అగ్నిమాపక శాఖ నుంచి ఒకరు తోడు వస్తే ఇంకా బాగుంటుంది. మీ తిరుపతి కార్యాలయంలో నా చిరునామా ఇస్తున్నాను, అడిగినవారికి అందజేయగలరు.

భవదీయుడు,
ఎయిర్‌ఫోర్స్ విశ్రాంత ఇంజన్ ఫిట్టర్,
రేణిగుంట, తిరుపతి జిల్లా.